సుగ్గి అనే మాటకు ఎర్రగీత

నాకు కోపం తొందర. బడిలో పిల్లలకు, ఇంట్లో మా అత్తగారికి, రోజూ ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు నన్ను చేరవేసే బస్సుల కండక్టర్లకు ఈ సంగతి తెలుసు. తెలుగు టీచరుకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు, ఒక ఒత్తు ఎగిరిపోతే చాలు. అయితే ఆ జనవరిలో నాకొచ్చిన కోపం ఒత్తుల మీద కాదు. నేను చిన్నప్పటి నుంచి ప్రాణంగా చూసుకుంటున్న పుస్తకాలను తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె తప్పుపట్టింది. ఆ కోపంలో నేను కొట్టేసిన ఒక్క పేరు ఏం చేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

వాటిని మేం దీపస్తంభం పుస్తకాలు అంటాం. మొత్తం ఏడు. మా తాతల కాలంలో ఎక్కడో చలిదేశంలో ఎవరో రాసినవి, తర్వాత ఇంకెవరో తెలుగు చేసినవి. సముద్రం ఒడ్డున పాడుబడిన దీపస్తంభం ఒకటి ఉంటుంది. ఇద్దరు అక్కలు, చంటిపిల్ల లాంటి చెల్లెలు, ముగ్గురూ దాని మెట్లెక్కి పోతారు. పైన దీపం ఉండాల్సిన చోట వేరే రాజ్యం ఉంటుంది. దారి చూపించే కొంగ, నిద్రపోని రాజు, ఎముకల వంతెన. ఒక్కో పుస్తకంలో ఒక్కో గండం. పదేళ్ల వయసులో ఆదోని లైబ్రరీలో ఇవి చదివినప్పుడు నేను సముద్రం ఎరగను. దీపస్తంభం అంటే గుడి ముందు కార్తీకంలో దీపాలు పెట్టే రాతికంబమే అనుకున్నాను. అంత సన్నటి కంబంలో మెట్లు ఎట్లా పెట్టారా అని చాలా రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మాది మంత్రాలయం దగ్గర గుళ్లో సేవ చేసుకునే కుటుంబం. నాకు తెలిసిన కంబం అదొక్కటే.

నాలుగో పుస్తకంలో ఆ ముగ్గురూ ఇంట్లో చెప్పకుండా పోయి చలికాలమంతా ఆ రాజ్యంలోనే ఉండిపోతారు. అన్నిటిలోకీ అదే గొప్పదని నా అభిప్రాయం. కాదన్నవాళ్లతో నేను పెళ్లిళ్లలో కూడా వాదించాను.

ఆదోనిలో పుస్తకాలు చదివేవాళ్లం కొందరం అప్పుడప్పుడు కలుస్తుంటాం. ఈసారి దీపస్తంభం పుస్తకాల మీద పెద్దలూ పిల్లలూ కూర్చుని అభిప్రాయాలు చెప్పుకుందామని అనుకున్నాం. సంక్రాంతి సెలవులు మొదలయ్యే ఆదివారం పెట్టుకున్నాం. మా ఎమ్మిగనూరు బడి నుంచి నలుగురు పిల్లల్ని తీసుకొస్తానని మాటిచ్చాను. నెల ముందే పుస్తకాలు తరగతిలో తిప్పి, చదివినవాళ్లంతా ఒక కాగితం రాసివ్వాలని చెప్పాను. రాయకముందే నలుగురి పేర్లు నోటీసుబోర్డు మీద పెట్టేశాను. మొదటి పేరు ఆ పిల్లదే. నందవరం వైపు ఒక పల్లె నుంచి ఆటోలో వచ్చేది. తల్లిదండ్రులు కూలిపనులకు పోతారు, ఆదివారం చర్చికి పోతారు. క్లాసులో నాలుగు పుస్తకాలు పూర్తి చేసింది అదొక్కతే.

కాగితాలు వచ్చాయి. "కొంగ బాగా తెలివిగలది, మా లెక్కల సారు కంటే బాగా చెప్తుంది" అని ఒకడు రాశాడు. "నిద్రపోని రాజు పాపం, వాళ్ల అమ్మ జోకొట్టి ఉంటే ఈ గొడవే ఉండకపోవును" అని ఇంకొకతె. నవ్వుకుంటూ దిద్దుతూ ఆ పిల్ల కాగితం దగ్గరికి వచ్చాను. ఇది దాదాపు మాటకు మాట గుర్తుంది.

"ఈ పుస్తకాలు బాగున్నాయి. కానీ నాలుగో పుస్తకం నాకు నచ్చలేదు. ముగ్గురు పిల్లలు ఇల్లు విడిచి అన్ని నెలలు వేరే రాజ్యంలో ఉన్నారు. ఏం తిన్నారో రాయలేదు. చిన్నపాపను పగలంతా ఎవరు ఎత్తుకున్నారో రాయలేదు. బడిలో టీచరు వాళ్ల పేర్లు పిలిచిందో లేదో రాయలేదు. సుగ్గికి పోయిన పిల్లలు ఇట్ల సంతోషంగా ఉండరు. రాసినాయన ఎప్పుడూ సుగ్గికి పోయినట్టు లేదు. వచ్చే ఆదివారం మేము సుగ్గికి పోతాము. ఐదో పుస్తకం చదవడానికి కుదరదేమో."

నాకు చిర్రెత్తుకొచ్చింది. సుగ్గి అంటే మా ఇంట్లో పండగ. మాది సగం కన్నడం కలిసిన ఇల్లు. పంట ఇంటికొచ్చిందని మా అవ్వ నువ్వులూ బెల్లమూ పళ్లెంలో పెట్టి ఇరుగుపొరుగుకు పంచేది, దాన్నే సుగ్గి అనేది. మరి సుగ్గికి పోయిన పిల్లలు సంతోషంగా ఉండకపోవడమేమిటి? అంత గొప్ప పుస్తకాన్ని పట్టుకుని ఏం తిన్నారు, ఎవరు ఎత్తుకున్నారు అని అడగడమేమిటి? పైగా సరిగ్గా మీటింగు రోజే తన పండగ ప్రయాణమని చివర్లో కబుర్లు. ఎర్ర పెన్నుతో సుగ్గి అన్న చోటల్లా గీత కొట్టి, కింద రాశాను: "సుగ్గి సంతోషకరమైన పండుగ. వాక్యం పొసగలేదు. కథలో లేనిది రాయకు. సొంత విషయాలు అనవసరం."

మరుసటిరోజు క్లాసులో నా ఎర్రగీతలు చూపిస్తూ ఆ కాగితం చదివి వినిపించాను, పేరు చెప్పకుండా. చెప్పనవసరం లేదు, అందరికీ తెలుసు. "అన్నం ఎవరు వండారని అడగడానికి ఇది వంటల పుస్తకం కాదు తల్లీ" అన్నాను. క్లాసు గొల్లుమంది. ఆ పిల్ల తల దించుకోలేదు. నన్నే చూస్తూ నిలబడింది. ఆ చూపు నాకు పొగరుగా కనిపించింది. సాయంత్రం బస్సుకు పోతూ నోటీసుబోర్డు దగ్గర ఆగి, మొదటి పేరు కొట్టేసి ఇంకొకరి పేరు రాశాను. కాగితాలు నా సంచీలోనే ఉండిపోయాయి. ఆ పిల్ల మర్నాటి నుంచి బడికి రాలేదు. అలిగిందనుకున్నాను.

ఆదివారం పొద్దున పదిన్నరకు ఆదోనిలో మీటింగు మొదలైంది. పాతికమంది దాకా వచ్చారు. మా పిల్లలు నలుగురూ మా సైన్సు మేడమ్‌తో బస్సు దిగారు. రిటైరైన డ్రాయింగు మాస్టారు ఒకాయన ముందు మాట్లాడాడు. "నా అభిప్రాయం సాఫ్‌గా సెప్తాను. మూడు పుస్తకాల వరకే మజా. తర్వాత అంతా భయం. మా మనవరాలు రాత్రిపూట లైటు ఆర్పనీయదు" అన్నాడు. జిన్నింగు మిల్లులో పనిచేసే అతను లేచి, భయం ఉంటేనే పుస్తకం, ఐదోది చదివాకే తనకు ధైర్యం వచ్చిందని గట్టిగా చెప్పాడు. ఇద్దరికీ మాటామాటా పెరిగింది. నాకు హుషారొచ్చింది. నా వంతు రాగానే లేచి నాలుగో పుస్తకాన్ని ఆకాశానికెత్తాను. "పిల్లలు ఇల్లు వదిలి అన్ని నెలలు బయట ఉండటంలో ఒక స్వేచ్ఛ ఉంది. అది ఎరగని పిల్ల ఒకతె ఈ మధ్య వాళ్లు అన్నం ఏం తిన్నారని నన్ను అడిగింది" అన్నాను. అందరూ నవ్వారు.

మా నలుగురిలో కొట్టేసిన పేరు బదులు వచ్చిన పిల్ల మాత్రం నవ్వలేదు. అది కూడా ఆ పల్లెదే. దాని వంతు వచ్చినప్పుడు లేచి నిలబడింది గానీ కాగితం విప్పలేదు.

"నేను సదవను మేడమ్. ఇది నా పేరు కాదు" అంది.

"ఏమైంది?"

"ఆ పాప ఈ పొద్దు సుగ్గికి పోతాంది మేడమ్. గుంటూరు సైడు, మిరపకాయలు కోసేకి. మీకు రాసిందంట గదా. మీరు దాన్ని ఎర్రపెన్నుతో కొట్టేసినారంట."

ఆ గదిలో చాలామందికి ఆ మాట అర్థమైంది. డ్రాయింగు మాస్టారు "యా అల్లా" అని కూర్చున్నాడు. సుగ్గి బాట పట్టిన పల్లెలు అని ప్రతి ఏడూ పేపర్లో చూస్తాను. తాళాలేసిన ఇళ్ల ఫొటోలు చూస్తాను. ఆ మాట నాకు తెలియకపోవడం కాదు. పేపర్లో అయితే ఆ మాటకు వలస అని అర్థం, నా చేతిలో ఎర్రపెన్ను ఉంటే మా అవ్వ పళ్లెం అని అర్థం. చర్చికి పోయే ఇంటి పిల్ల సంక్రాంతి పండక్కి ఎందుకు పోతుందని కూడా నాకు తట్టలేదు. సిగ్గుతో మొహం మండిపోయింది.

పిల్లను పక్కకు తీసుకుపోయి అడిగాను. మూడు నాలుగు నెలలు ఇంటిల్లిపాదీ పోతారు. ముసలవ్వ కూడా కాయలు కోస్తుంది. ఇంటికి తాళమే. వలస పిల్లలకు హాస్టలు ఉంది గానీ అది వాళ్లూరికి దూరం, ఆడపిల్లను అక్కడ వదలడానికి తండ్రికి మనసు రాలేదు. పోయిన ఏడు కూడా పోయి వచ్చి పరీక్షలు తప్పింది. ఈసారి పోతే ఇక బడి మాన్పించి పూర్తిగా పనికే పెట్టేస్తారు.

"వాళ్ల నాయనతో కొట్లాడింది మేడమ్. మా మేడమ్ నన్ను ఆదోనికి తీసకపోతాది, నా పేరే మొదట రాసింది అని సెప్పింది. అంత దూరం తీసకపోయే మేడమ్ అయితే ఆమెనే అడిగి నిన్ను ఆమె కాడనే ఇడిసిపెట్టి పోతా అన్నాడు వాళ్ల నాయన. అడిగేకి శుక్రవారం బడికాడికి వద్దామనుకున్నాడు. అంతలోకే పేరు కొట్టేసినారు గదా."

"ఎన్ని గంటలకు పోతారు?"

"మద్యానం. కూలోళ్లను తీసకపోయే మేస్త్రీ బండి తెస్తాడంట."

తండ్రి నంబరు దానికి తెలుసు. చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. పన్నెండు కావస్తోంది. పిల్లల్ని సైన్సు మేడమ్‌కు అప్పజెప్పి, దాన్ని వెంటబెట్టుకుని బస్టాండుకు పరుగెత్తాను. ఎమ్మిగనూరు బస్సు అప్పుడే బయటికి వస్తోంది. అడ్డంపడి ఆపాను. కండక్టరు తిట్టబోయి నా మొహం చూసి ఊరుకున్నాడు.

ఆ దారిలో నేను ఎన్ని వేలసార్లు పోయి ఉంటానో. ఆ రోజు ప్రతి స్టాపూ పగవాడిలాగే కనిపించింది. ఒకచోట ముసలాయన మూటలు దింపుకోవడానికి ఐదు నిమిషాలు పట్టింది. నాకు అతని మీద కూడా కోపమొచ్చింది, తర్వాత ఆ కోపం మీదే అసహ్యమేసింది. ఎనిమిదిసార్లు ఫోను చేశాను. సంచీలోంచి ఆ కాగితం తీసి మళ్లీ చదివాను. ఈసారి ఒక్క వాక్యం కూడా పొసగకుండా లేదు. బడిలో టీచరు వాళ్ల పేర్లు పిలిచిందో లేదో రాయలేదు. మూడు రోజులుగా హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గర అలిగిందిలే అని దాటేసింది నేనే.

ఎమ్మిగనూరులో దిగి ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరుకు ఊరి పేరు చెప్పగానే "సుగ్గి బండ్లు లేస్తాండాయి మేడమ్ ఆడ, పొద్దున్నుంచి రెండు పోయినాయి" అన్నాడు. దారిలో ఎదురొచ్చిన ప్రతి మినీ లారీలోకీ తల బయటపెట్టి చూశాను.

వాళ్ల బండి ఇంకా ఉంది. చర్చి ముందు ఆపి ఉంది. బియ్యం సంచులు, గ్యాస్ స్టవ్వు, ప్లాస్టిక్ బిందెలు, చాపలు, కాళ్లు కట్టేసిన రెండు కోళ్లు. వాటి మీదే మనుషులు, ముప్పైమంది ఉంటారు. ఆ పిల్ల సంచుల మీద కూర్చుని రెండేళ్ల చెల్లెలిని ఒళ్లో పెట్టుకుంది. నన్ను చూసింది. దిగలేదు, పలకరించలేదు.

తండ్రి మాత్రం గబగబా దిగి వచ్చాడు. సన్నటి మనిషి, నాకంటే చిన్నవాడు. తలకు కట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"ఏమి మేడమ్, ఇంత దూరం వచ్చినారు? ఫోను సంచిలో ఉండాది, ఇనపళ్లేదు."

నేను గుక్కతిప్పుకోకుండా చెప్పాను. తప్పు నాది, నీ బిడ్డ చాలా బాగా రాసింది, నేనే సరిగ్గా చదవలేదు, దాన్ని బడి మాన్పించొద్దు. బండి మీదున్న ఆడవాళ్లు మాటలాపి వింటున్నారు. తల్లి పైనుంచి వంగి అడిగింది.

"ఏం రాసింది మేడమ్ అంత? సదివి సెప్పండి."

రోడ్డు మీద నిలబడి, నేను గీత కొట్టిన మాటలతో సహా చదివాను. చిన్నపాపను పగలంతా ఎవరు ఎత్తుకున్నారో రాయలేదు అన్నచోట ఆ తల్లి ఒక్కసారి కూతురి వైపు చూసింది. ఒక ముసలమ్మ "మన సంగతే రాసింది గదా" అంది. ఎవరూ నవ్వలేదు. నా ఎర్రరాత చదవకుండా ఆపేశాను. కింద ఏదో ఉందని తండ్రి గమనించాడు గానీ అడగలేదు.

"మంచిగనే రాసింది" అన్నాడు. కాసేపు నేల చూశాడు. "నాకు మాత్రం దాన్ని తీసకపోవాలని ఉంటాదా మేడమ్. పోయినేడు చేతులు మండి రాత్రంతా ఏడ్చింది. కానీ ఆడపిల్లని యాడ పెట్టల్ల? ఇంట్లో ఎవురూ లేరు." తలెత్తి నా మొహంలోకి చూశాడు. "మీ ఇంట్లో పెట్టుకుంటారా మేడమ్? పరీక్షలు అయ్యేగంటా. పని చేసి పెడతాది. బియ్యం నేనే ఇచ్చిపోతా."

అతను అడిగింది అంతే. ఆదోని నుంచి పరుగెత్తుకొచ్చినదాన్ని, బస్సుకు అడ్డం పడినదాన్ని, ఆ క్షణంలో నా కళ్లముందు మా వంటిల్లు కనిపించింది. మడి కట్టుకుని మా అత్తగారు నీళ్లు తెచ్చుకోవడం, గడప అవతల చుట్టాలు కూడా నిలబడిపోవడం. చర్చికి పోయే పిల్ల, ఇట్లాంటి ఇంటి పిల్ల, నాలుగు నెలలు, ఎక్కడ పడుకుంటుంది, ఏ గ్లాసులో తాగుతుంది. ఎవరేమంటారు.

"మా అత్తగారిని ఒకమాట అడిగి చెప్తాను" అన్నాను.

తండ్రి మొహంలో ఏమీ మారలేదు. ఆ మాట అతను ఇదివరకు ఎన్ని ఇళ్ల ముందు విన్నాడో.

"అడగండి మేడమ్, పెద్దోళ్లను అడగల్ల గదా" అన్నాడు మర్యాదగా.

బండి మీదనుంచి ఆ పిల్ల గొంతు వినిపించింది. "రా నాయనా, పొద్దుపోతాంది." ఆ మాట నాతో కాదు. తర్వాత నా వైపు చెయ్యి చాపింది. "నా కాయితం ఇయ్యండి మేడమ్."

ఇచ్చాను. ఎర్రరాత కనపడకుండా మడిచి జాకెట్లో పెట్టుకుంది. మేస్త్రీ హారన్ కొట్టాడు. తండ్రి చక్రం మీద కాలుపెట్టి ఎక్కాడు. బండి కదిలింది. నాతో వచ్చిన వాళ్ల పల్లె పిల్ల చెయ్యి ఊపింది. నేను ఊపలేకపోయాను.

దుమ్ము తగ్గాక అక్కడే అరుగు మీద కూర్చుని మా అత్తగారికి ఫోను చేశాను. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్లు, ఎవరో ఒకరు తాకారని నెలకోసారైనా ఇల్లంతా కడిగిస్తుంది. సంగతంతా చెప్పి, ఆవిడ కాదంటుందని, ఆ కాదనడాన్ని పట్టుకుని ఇంటికి పోదామని ఎదురుచూశాను.

"మిరపకాయలకా? ఆడపిల్లనా?" అంది. "తీసుకురా. వెనకగదిలో నా పక్కనే పడుకుంటుంది. ఇది నన్ను అడగాలా?"

అడ్డు మా అత్తగారు కాదని ఆ రోడ్డు మీద కూర్చున్నప్పుడు తెలిసింది. తండ్రి నంబరు నొక్కాను. ఈసారి మూడో రింగుకే ఎత్తాడు. గాలి హోరు.

"తీసుకొస్తాను, మా ఇంట్లోనే ఉంచుకుంటాను, బండి ఎక్కడుందో చెప్పు, ఆటోలో వస్తాను" అన్నాను.

"రోడ్డెక్కేసినాం మేడమ్. నేను ఆపమంటే మేస్త్రీ ఆపడు, ముప్పైమంది ఉండారు. మీరన్నారు, అదే చాలు."

"అయితే పాపకియ్యి. ఒక్క మాట చెప్తాను."

ఫోను చేతులు మారిన చప్పుడు. ఎవరో ఏదో అడిగారు, ఎవరో వద్దన్నారు. మళ్లీ అతనే వచ్చాడు.

"పాప పండుకునింది మేడమ్" అన్నాడు.

చెల్లెలిని నీళ్లు తాగమని గదమాయిస్తున్న ఆ పిల్ల గొంతు ఫోనులో నాకు స్పష్టంగా వినపడుతూనే ఉంది.